తుఫాను తరువాత – పునర్నిర్మాణంలో గుత్తేదారు బాధ్యత

కృష్ణానది కుడిగట్టున, అమరావతిని ఆనుకొని ఉన్న ప్రాచీన గ్రామం ధరణికోట. శాతవాహనుల కాలంలో దీనికి ధాన్యకటకమని పేరు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ గ్రామం గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లాలో చేరింది. 1962–65 సంవత్సరాల మధ్య భారత పురావస్తు శాఖవారు ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు నదితో సంబంధమున్న ఒక పడవల కాలువ, దాని ఒడ్డున ఒక రేవుకట్టడం బయల్పడ్డాయి. ఆ రేవును తొలిదశలో కొయ్యస్తంభాలతో కట్టారు. మలిదశలో ఇటుకలతో కట్టారు. నీటి ఒడ్డున నివసించే జాతి ఒకసారి కట్టిన దానిని మరల కట్టవలసివచ్చినప్పుడు మునుపటికంటె గట్టి వస్తువును ఎన్నుకున్నదని ఆ రెండు దశలు తెలుపుతున్నాయి.

అమరావతి స్తూపం వద్ద లభించిన ప్రాకృత శాసనాలలో ‘నవకమ్మిక’ అనే పదం కనిపిస్తుంది. నూతన నిర్మాణ కార్యాన్ని దగ్గరుండి నడిపించే వ్యక్తి అని దాని అర్థం. దానం చేసిన దాతల పేర్లతోపాటు, ఆ దానాన్ని కట్టడంగా మార్చిన వాని పదవి కూడా రాతిమీద నిలిచింది. ధనమిచ్చేవారు వేరు, పని చేయించేవారు వేరు అన్న విభజన మన నేలమీద రెండువేల ఏళ్లనాడే ఉన్నదన్నమాట. ఈనాడు ఆ రెండవ స్థానంలో నిలిచినవారిలో గుత్తేదారు ముఖ్యుడు. వాడుకలో అతనిని కాంట్రాక్టరు అంటున్నాం. సాధారణ దినాలలో అతని పని ఒక వ్యాపారం. కాని తుఫాను తరువాత శిథిలమైన ఊరిని మరల నిలబెట్టే సమయంలో అది వేలమంది ప్రాణాలతో ముడిపడిన బాధ్యత అవుతుంది. ఆ బాధ్యత స్వరూపం ఎటువంటిదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దివిసీమ నేర్పిన పాఠం

ధరణికోటను ఒరసి ప్రవహించే కృష్ణమ్మ విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజిని దాటి, పులిగడ్డ వద్ద రెండు పాయలై సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల నడుమ ఉన్న లంకభూమియే దివిసీమ. 1977 నవంబరు 19న బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుఫాను ఈ సీమపై విరుచుకుపడింది. గాలికంటె ఘోరమైనది ఉప్పెన. సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రజలం కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మరణించారు. నాగాయలంక, కోడూరు ప్రాంతాల తీరగ్రామాలు, సొర్లగొంది, హంసలదీవి వంటి పేర్లు నాటినుండి తెలుగువారి జ్ఞాపకంలో విషాదచిహ్నాలుగా నిలిచిపోయాయి. తీరానికి ఇటువంటి అనుభవం అంతకుముందు లేకపోలేదు. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పైవేలమంది మరణించారని చరిత్ర చెబుతున్నది.

దివిసీమలో మరణాలు అంత ఎక్కువగా ఉండటానికి ఉప్పెన ఒక్కటే కారణం కాదు. ప్రజలు తలదాచుకొనడానికి గట్టి కట్టడమన్నది చాలా గ్రామాలలో లేదు. మట్టిగోడలు, తాటాకు కప్పులే వారి ఇళ్లు. గోడ తడిసి కూలింది, కప్పు ఎగిరిపోయింది. రోడ్డు తెగిపోవడంతో సహాయం అందడానికి ఆలస్యమైంది. మంచినీటి చెరువులలో ఉప్పునీరు నిండిపోయింది. బ్రతికినవారికి త్రాగునీరు కరవైంది. ఇళ్లు, రోడ్లు, వంతెనలు, చెరువులు, విద్యుత్తు స్తంభాలు, బడులు, ఆసుపత్రులు – వీటన్నిటిని కలిపి మౌలిక వసతులు అంటాం. అవి బలహీనంగా ఉన్నచోట ప్రకృతి వైపరీత్యం మానవ విషాదంగా మారుతుంది.

విపత్తు తరువాత జరిగే పనులు మూడు దశలుగా సాగుతాయి. మొదటిది రక్షణ. చిక్కుకున్నవారిని కాపాడటం, మృతులకు అంత్యక్రియలు జరపడం ఇందులో చేరుతాయి. రెండవది సహాయం. అన్నం, నీరు, వస్త్రం, వైద్యం అందించడం దీని లక్ష్యం. మూడవది పునర్నిర్మాణం. మొదటి రెండు దశలలో స్వచ్ఛంద సేవకులు, సైనికులు, దాతలు ముందుంటారు. దివిసీమ బిడ్డ, 1975లో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వహణలో ప్రధానపాత్ర వహించిన మండలి వెంకటకృష్ణారావు ఆ కాలంలో సహాయ, పునరావాస కార్యక్రమాలకు అంకితమై పనిచేశారు. రామకృష్ణ మిషన్ వంటి సేవాసంస్థలు కూడా నిరాశ్రయులకు అండగా నిలిచాయి. ఈ రెండు దశలు వారాలలోనో నెలలలోనో ముగుస్తాయి. మూడవ దశ ఏళ్ల తరబడి సాగుతుంది. అప్పటికి పత్రికల దృష్టి మరొక వార్తవైపు మళ్లుతుంది. దాతలు వెళ్లిపోతారు. గ్రామంలో మిగిలేది కూలినవాటిని లేపవలసిన ప్రజలు, ఇంజనీరు, గుత్తేదారు, కూలీలు మాత్రమే.

గుత్త, దశబంధం, టెండరు

ఒక పనిని మొత్తంగా ఇంత సొమ్ముకు, ఇంత గడువులో చేసి ఇస్తానని ఒప్పుకొనడాన్ని గుత్త అంటారు. అలా ఒప్పుకున్నవాడు గుత్తేదారు. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. మధ్యయుగ ఆంధ్రదేశంలో చెరువు త్రవ్వించినవారికి, గండిపడిన కట్టను బాగుచేసినవారికి భూమినో, ఆ చెరువు క్రింద పండిన పంటలో కొంత భాగాన్నో ఇచ్చే ఆచారం ఉండేది. దానికి దశబంధమని పేరు. దానిని అనుభవించేవారు చెరువును చెడిపోకుండా కాపాడవలసిన బాధ్యతను కూడా వహించేవారు. పనిచేసి ప్రతిఫలం పుచ్చుకొని వెళ్లిపోవడం కాక, ఆ పని నిలిచినంతకాలం దాని మంచిచెడ్డలకు జవాబుదారీగా ఉండటం దశబంధంలోని అంతరార్థం.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు వద్ద విజయనగర రాజుల కాలంనాటి, 1369వ సంవత్సరపు శాసనం ఒకటి ఉన్నది. చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు సాధనాలను, విడువవలసిన ఆరు దోషాలను అది వివరిస్తుంది. నిర్మాణవిద్యలో నిపుణులైన పనివారు ఆ సాధనాలలో ఒకటి. కట్టనుండి నీరు ఊరడం, చవుడునేల ఆ దోషాలలోనివి. ఉప్పు కట్టడానికి శత్రువన్న ఎరుక ఆరున్నర శతాబ్దాల క్రిందటి మన ఇంజనీర్లకు ఉన్నదని దీనివలన గ్రహించవచ్చు.

నేటి ప్రభుత్వ నిర్మాణ విధానంలో ముందుగా ఇంజనీర్లు పనికి అంచనా తయారుచేస్తారు. కూలి, సిమెంటు, ఇనుము, ఇసుక, కంకర మొదలైనవాటికి ప్రభుత్వం నిర్ణయించిన ప్రమాణ ధరల పట్టిక దీనికి ఆధారం. అంచనాకు పాలనాపరమైన అనుమతి, సాంకేతిక అనుమతి లభించిన తరువాత టెండరు పిలుస్తారు. గుత్తేదారులు ధరావతు చెల్లించి తమ ధరలను తెలుపుతారు. అర్హత కలిగినవారిలో తక్కువ ధరకు ముందుకువచ్చినవానికి సాధారణంగా పని దక్కుతుంది. అతడు ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకుంటాడు. చేసిన పనిని ఇంజనీరు స్వయంగా కొలిచి కొలతల పుస్తకంలో నమోదు చేస్తాడు. ఆ కొలతలనుబట్టి విడతలుగా బిల్లులు చెల్లిస్తారు. ప్రతి బిల్లునుండి కొంత సొమ్మును ప్రభుత్వం నిలిపి ఉంచుతుంది. పని ముగిసిన తరువాత కొంతకాలం దానిలో లోపాలు బయటపడితే గుత్తేదారు తన ఖర్చుతో సరిచేయాలి. ఈ నియమం దశబంధంలోని జవాబుదారీతనానికి ఆధునిక రూపమని చెప్పవచ్చు.

తుఫాను వచ్చిన మరునాడు ఇంత తతంగానికి వ్యవధి ఉండదు. విరిగిపడిన చెట్లను తొలగించాలి, గండ్లు పూడ్చాలి, స్తంభాలు నిలపాలి. అందుచేత అత్యవసరమైన చిన్న పనులను టెండరు లేకుండా నామినేషన్ పద్ధతిలో అప్పగించే వెసులుబాటు నిబంధనలలో ఉన్నది. ఇది అవసరమే. అయితే ప్రజాధనం దుర్వినియోగం కావడానికి అవకాశం ఎక్కువగా ఉన్న దశ కూడా ఇదే. దారి తెరవడానికి నామినేషన్, శాశ్వత నిర్మాణానికి టెండరు అన్న హద్దును పాటించడం పాలకుల వివేకానికి పరీక్ష.

గాలి, నీరు, ఉప్పు

తీరప్రాంతంలో కట్టేవాడు ముగ్గురు శత్రువులను ఎదుర్కోవాలి. మొదటిది గాలి. గాలివేగం రెట్టింపైతే అది గోడపై చూపే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగురెట్లు అవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు గోడపై సుమారు 38 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడిని కలిగిస్తే, 180 కిలోమీటర్ల గాలి సుమారు 150 కిలోల ఒత్తిడిని కలిగిస్తుంది. మన తీరంలోని చాలా ప్రాంతాలలో కట్టడాలు ఈ 180 కిలోమీటర్ల వేగాన్ని, అనగా సెకనుకు 50 మీటర్ల వేగాన్ని, ప్రాతిపదికగా తీసుకొని రూపొందాలని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. గాలి గోడను నెట్టడమే కాక పైకప్పును పైకి లాగుతుంది. అందుచేత కప్పు బరువుగా ఉన్నంతమాత్రాన చాలదు. కప్పును దూలాలకు, దూలాలను గోడలకు, గోడలను పునాదికి ఇనుప బంధాలతో బిగించాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం లోపించినా ఇల్లు నిలవదు.

రెండవది నీరు. ఉప్పెన వచ్చేటప్పుడు నీరు గోడను బాదుతుంది. వెనుకకు మళ్లేటప్పుడు పునాది క్రింది మన్నును కోసుకుపోతుంది. ఇసుకనేలలో లోతులేని పునాది వేసిన భవనం చెక్కుచెదరని గోడలతోనే పక్కకు ఒరిగిపోవచ్చు. వంతెనలు, కల్వర్టులు కూలిపోవడానికి కూడా ఈ కోతయే తరచు కారణం.

మూడవది ఉప్పు. ఇది కంటికి కనిపించదు, చప్పుడు చేయదు. కాంక్రీటు లోపలి ఇనుప చువ్వను గాలిలోని, నీటిలోని ఉప్పు ఏళ్ల తరబడి తినివేస్తుంది. తుప్పుపట్టిన ఇనుము పరిమాణంలో అనేకరెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. చువ్వను ఉప్పునుండి కాపాడేది దానిపై ఉన్న కాంక్రీటు మందమే. దీనినే కవరు అంటారు. తీరప్రాంతపు నిర్మాణాలలో ఇది కనీసం 45 మిల్లీమీటర్లు, సముద్రపు తుంపర నేరుగా తగిలేచోట 50 మిల్లీమీటర్లు ఉండాలని 2000వ సంవత్సరపు భారతీయ కాంక్రీటు ప్రమాణం చెబుతున్నది. ఈ మందం సగమైతే ఉప్పు చువ్వను చేరే కాలం సగానికి కాక ఇంచుమించు నాలుగవ వంతుకు తగ్గిపోతుంది. నలభై ఏళ్లు నిలవవలసిన స్తంభం పదేళ్లకే రోగగ్రస్తమవుతుందన్నమాట.

చువ్వ క్రింద ఉంచే చిన్న సిమెంటు బిళ్లల సహాయంతో ఈ మందం ఏర్పడుతుంది. వాటి ఖరీదు బహుస్వల్పం. కాని వాటిని పెట్టారా లేదా అన్నది కాంక్రీటు పోసిన తరువాత పైకి చూసి ఎవరూ చెప్పలేరు. నీటి విషయమూ ఇటువంటిదే. పోయడానికి సులువుగా ఉంటుందని పనివారు కాంక్రీటులో నీరు ఎక్కువ కలుపుతుంటారు. తీరప్రాంతంలో 50 కిలోల సిమెంటు బస్తాకు ఇరవైరెండున్నర లీటర్లకు మించి నీరు కలుపరాదు. ఎక్కువైన నీరు ఆవిరై పోతూ కాంక్రీటులో సన్నని రంధ్రాలను విడిచిపోతుంది. ఉప్పు ఆ దారినే లోపలికి వస్తుంది. కాంక్రీటు పోసిన తరువాత కనీసం వారం నుండి పదిరోజులు దానిని తడిగా ఉంచాలి. ఈ పనిని క్యూరింగ్ అంటారు. ఇనుప చువ్వలున్న కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదు. సముద్రపు నీటిలో అది లీటరుకు ఇంచుమించు 19,000 మిల్లీగ్రాములు ఉంటుంది. ఉప్పెన వచ్చిన ఊరిలో బావులు, చెరువులు అన్నీ ఉప్పగా మారి ఉంటాయి. మంచినీటిని ట్యాంకర్లతో దూరంనుండి తెప్పించవలసి వస్తుంది. గ్రామస్థులు త్రాగడానికే నీరు దొరకని వేళ, గోడ తడపడానికి మంచినీరు తెప్పించే గుత్తేదారు పిచ్చివానిగా కనిపించవచ్చు. ముందుగా ప్రజలకు నీరందేటట్లు చూసి, అటుపై కట్టడానికీ మంచినీటినే వాడినవాడు తన వృత్తిధర్మాన్ని నిలబెట్టుకున్నవాడు.

రక్షణ భవనం

దివిసీమ ఉప్పెన తరువాత తీరగ్రామాలలో తుఫాను రక్షణ భవనాల నిర్మాణం పెద్దయెత్తున సాగింది. ఈ భవనాన్ని సాధారణంగా ఎత్తైన స్తంభాలపై నిర్మిస్తారు. ఉప్పెన నీరు క్రిందినుండి పారిపోయే వీలు కలగడమే దీని ప్రయోజనం. వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు ఎక్కడానికి వీలుగా మెట్లతోపాటు ఏటవాలు దారిని కూడా ఏర్పాటు చేస్తారు. గాలి ఒత్తిడి తగ్గడానికి కొన్నిచోట్ల గుండ్రని లేదా అనేక కోణాలు కలిగిన ఆకారాన్ని ఎన్నుకుంటారు. మిగిలిన కాలంలో అది పాఠశాలగానో, అంగన్‌వాడీగానో, గ్రామసభ జరిగే చోటుగానో ఉపయోగపడుతుంది. నిత్యం వాడుకలో ఉన్న భవనానికే తలుపులు, తాళాలు, నీటి వసతి సరిగా ఉంటాయి. మూసిపెట్టిన భవనం అవసరమైన రాత్రి తెరుచుకోకపోవచ్చు.

ఈ భవనాన్ని కట్టే గుత్తేదారు స్థితి విలక్షణమైనది. అతడు కట్టే ఇల్లు కూలితే ఒక కుటుంబానికి నష్టం. రక్షణ భవనం కూలితే ఊరంతటికీ నష్టం. పైగా ప్రజలు దానిని నమ్మి తమ ఇళ్లను విడిచి అందులోకి వస్తారు. నమ్మించి ముంచడంకంటె పాపం లేదని పెద్దలంటారు. బలహీనంగా కట్టిన రక్షణ భవనం విషయంలో ఆ మాట అక్షరాలా నిజమవుతుంది.

తొందర, లాభం, నష్టం

విపత్తు తరువాత అందరికీ తొందరే. ప్రజలకు ఇల్లు కావాలి. ప్రభుత్వానికి పని పూర్తయిందన్న మాట కావాలి. గుత్తేదారుకు బిల్లు కావాలి. ఈ మూడు తొందరలు కలిసినచోట నాణ్యత నలిగిపోతుంది. వారం తడపవలసిన కప్పును రెండురోజులకే వదలివేస్తారు. సెంట్రింగును ముందే విప్పుతారు. కొన్ని పనులలో అసలు గుత్తేదారు తన వాటా ఉంచుకొని పనిని మరొకరికి అప్పగిస్తాడు. అతడు ఇంకొకరికి ఇస్తాడు. ప్రతి చేతిలోనూ కొంత సొమ్ము ఆగుతుంది. చివరకు తట్ట పట్టినవాని దగ్గరకు వచ్చేసరికి సిమెంటుకు చాలినంత మిగలదు. టెండరులో పోటీపడి అంచనాకంటె బాగా తక్కువకు పని పట్టినవాడు కూడా ఆ లోటును ఇనుములోనో, ఇసుకలోనో పూడ్చుకొనే ప్రమాదం ఉన్నది.

అయితే ఈ వృత్తిలోని కష్టనష్టాలను విస్మరించి గుత్తేదారును మాత్రమే దోషిని చేయడం న్యాయం కాదు. తుఫాను తరువాత సిమెంటు, ఇనుము, ఇసుక ధరలు పెరుగుతాయి. లారీ వెళ్లే దారి ఉండదు. స్థానిక కూలీలు తమ ఇళ్లే కోల్పోయి ఉంటారు. వేరే జిల్లాలనుండి వచ్చిన కూలీలకు గుడారాలు, భోజనం, వైద్యం సమకూర్చాలి. బిల్లులు నెలల తరబడి ఆలస్యమైతే అప్పుపై వడ్డీ పెరుగుతుంది. చిన్న గుత్తేదారులు ఈ భారంతో చితికిపోయిన సందర్భాలు గ్రామాలలో వినవస్తూనే ఉంటాయి. సకాలంలో చెల్లింపు, మారిన ధరలకు తగిన సవరణ – ఈ రెండింటిని ప్రభుత్వం పాటించినప్పుడే నాణ్యతను నిలదీసి అడిగే నైతిక హక్కు దానికి లభిస్తుంది.

కూలీల పట్ల గుత్తేదారుకు గల బాధ్యత చట్టబద్ధమైనది. భవన నిర్మాణ కార్మికుల రక్షణకు, సంక్షేమానికి 1996లో పార్లమెంటు చట్టాలు చేసింది. నిర్మాణవ్యయంపై విధించే సెస్సు ద్వారా సంక్షేమనిధి ఏర్పడింది. విరిగిన గోడల మధ్య, తెగిన విద్యుత్తు తీగల మధ్య పనిచేసేవారికి బూట్లు, తొడుగులు, శిరస్త్రాణాలు ఇవ్వడం దయ కాదు, విధి.

మార్పు వచ్చిన తీరు

1990 మే 9న మరొక పెనుతుఫాను కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని తాకింది. తీవ్రతలో అది 1977నాటి తుఫానుకు తీసిపోనిది. అయినా మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉన్నది. ముందుగా హెచ్చరికలు అందడం, ఆరులక్షలకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించడం, వారికి ఆశ్రయమివ్వడానికి గట్టి కట్టడాలు ఉండటం ఇందుకు కారణాలు. హెచ్చరిక ఎంత ముందుగా వచ్చినా, వెళ్లి తలదాచుకొనే చోటు లేకపోతే అది భయాన్నే మిగులుస్తుంది. ఆకాశవాణి హెచ్చరికకు విలువను కల్పించినవారిలో ఆ భవనాలను కట్టిన పేరు తెలియని గుత్తేదారులు, మేస్త్రులు, కూలీలు కూడా ఉన్నారు.

ఆ తుఫాను తరువాత, 1996 నవంబరు 6న కోనసీమను దెబ్బతీసిన తుఫాను తరువాత కూడా ప్రపంచ బ్యాంకు ఋణసహాయంతో ప్రత్యేక పునర్నిర్మాణ పథకాలు అమలయ్యాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు పరీక్ష మరొక రూపంలో ఎదురైంది. అక్కడ కూలినవి పూరిళ్లు మాత్రమే కావు. గంటకు 180 కిలోమీటర్ల గాలికి ఒక మహానగరపు విద్యుత్తు వ్యవస్థ నేలకూలింది. విమానాశ్రయ భవనపు కప్పు దెబ్బతిన్నది. చెట్లు వేలసంఖ్యలో పడి దారులను మూసివేశాయి. ఇతర ప్రాంతాలనుండి వచ్చిన విద్యుత్తు సిబ్బంది, గుత్తేదారుల క్రేన్లు, కూలీల బృందాలు రాత్రింబవళ్లు శ్రమించి స్తంభాలను నిలిపాయి.

ఆ స్తంభాలను నిలపడంతోనే పని ముగిసినట్లు భావించకపోవడం హుద్‌హుద్ అనంతర పునర్నిర్మాణంలోని విశేషం. పడిన స్తంభాన్ని అదేచోట నిలిపితే మరొక తుఫానుకు అది మరల పడుతుంది. అందుచేత ప్రపంచ బ్యాంకు సహాయంతో 2015లో మొదలైన పునరుద్ధరణ పథకంలో భాగంగా నగరంలోని కొన్ని ప్రాంతాలలో విద్యుత్తు తీగలను భూగర్భంలో వేశారు. పోయినదానిని పోయినట్లుగానే తిరిగి కట్టడం పునరుద్ధరణ. పోవడానికి గల కారణాన్ని తొలగించి కట్టడం పునర్నిర్మాణం. మొదటిదానికి గుత్తేదారు వద్ద మనుషులు, యంత్రాలు ఉంటే చాలును. రెండవదానికి వాటితోపాటు ఆలోచన, నిపుణత, నిజాయితీ కావాలి. ప్రణాళికలో ఉన్న రేఖకు, నేలమీద నిలిచే గోడకు మధ్య ఉన్నవాడు అతడే. పటంలో పదడుగుల లోతున్న పునాది నేలలో ఎనిమిదడుగులకే ఆగిపోతే ఎంతటి మేధావి గీసిన పటమైనా వ్యర్థమే.

పౌరుల పాత్ర

నాణ్యతను కాపాడే బాధ్యత ఇంజనీరుదే అని ప్రజలు ఊరకుండరాదు. కాంక్రీటు పోసేరోజున 15 సెంటీమీటర్ల దిమ్మెలను నమూనాగా తీసి, 28 రోజుల తరువాత యంత్రంలో నొక్కి బలం పరీక్షిస్తారు. ఆ పరీక్ష ఫలితాన్ని అడిగి తెలుసుకొనవచ్చు. పని పేరు, అంచనావ్యయం, గుత్తేదారు పేరు, గడువు తెలిపే బోర్డు పనిస్థలంలో ఉన్నదో లేదో చూడవచ్చు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం కొలతల పుస్తకాన్ని పరిశీలించవచ్చు, వాడిన సామగ్రి నమూనాలను కూడా కోరవచ్చు. గోడ తడుస్తున్నదా లేదా అని చూడటానికి ఇంజనీరింగు పట్టా అవసరం లేదు. ఊరిలోని ఒక తాపీమేస్త్రి, చదువుకున్న ఒక యువకుడు, బడి పంతులు కలిసి వారానికొకసారి పనిస్థలానికి వెళ్లి నాలుగు ప్రశ్నలడిగితే చాలా లోపాలు మొదటిలోనే తొలగిపోతాయి.

1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో ఒక అభయశాసనాన్ని వేయించాడు. పెనుగాలికి పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. తాను అటువంటి పని చేయక, సుంకం మాత్రం తీసుకొని సరకును యజమానులకే విడిచిపెడతానని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. తుఫానులో నష్టపోయినవాని నిస్సహాయతను లాభంగా మార్చుకొనరాదన్న ధర్మం ఆ శాసనంలో ఉన్నది. నాడు ఆ ధర్మం రాజుకు వర్తించింది. నేడు అది అంచనా వేసే అధికారికి, బిల్లు మంజూరు చేసే ప్రభుత్వానికి, పని చేయించే గుత్తేదారుకు సమానంగా వర్తిస్తుంది.

విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చు, గుత్తేదారులు కావచ్చు, తీరగ్రామాలలో ఉద్యోగులు కావచ్చు. వారు కట్టిన దానికి ప్రారంభోత్సవం ఒకరోజు జరుగుతుంది, బిల్లు మరొకరోజు వస్తుంది. అసలు తనిఖీ మాత్రం ఏ ఏటి కార్తికమాసంలోనో, ఒక చీకటిరాత్రి, సముద్రం పొంగినప్పుడు జరుగుతుంది. ఆ రాత్రి లోపల తలదాచుకున్న తల్లీబిడ్డలు తెల్లవారి తలుపు తీసుకొని బయటకు రాగలిగితే పని సక్రమంగా జరిగినట్లు.